జనం మాట, వ్యాపారి మాట: మాంద్యంలో ఎవరి గొంతు వినిపిస్తుంది?

చీమకుర్తిలో వ్యాపారం మందగించిన సంగతి పేపర్లో రాకముందే ఊరికి తెలిసిపోతుంది. క్వారీ రోడ్డు మీద లారీలు పలచబడతాయి. తీసిన బ్లాకులు యార్డులో అలాగే పడి ఉంటాయి. టీ కొట్టు దగ్గర పలకరింపు కూడా మారుతుంది. "బాగున్నావా" అనే చోట "లోడింగ్ ఉందా" అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నలోనే లారీ డ్రైవర్ బాడుగ, పాలిషింగ్ పనివాడి వారం కూలి, మెస్ నడిపే ఇల్లాలి బాకీలు అన్నీ ఉంటాయి.

ఒంగోలుకు పడమరగా, పొదిలి వెళ్లే దారిలో ఉన్న ఈ ఊరు ప్రపంచానికి తెలిసింది ఒక్క రాయి వల్ల. నల్లటి రాయి, అందులో బంగారు చుక్కలు. వ్యాపారంలో దాని పేరు బ్లాక్ గెలాక్సీ. ఆ మెరుపు బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజపు రేణువులది. ఇదే రాయిని బ్రిటన్‌లో స్టార్ గెలాక్సీ అనే పేరుతో కిచెన్ ప్లాట్‌ఫాంలకు అమ్ముతారు. అంటే బర్మింగ్‌హామ్‌లో ఒక కుటుంబం "ఈ ఏడాది వంటగది మార్చొద్దులే, వచ్చే ఏడాది చూద్దాం" అనుకుంటే, అలాంటి వాయిదాలు వేలల్లో కలిసి చివరికి చీమకుర్తి దాకా వస్తాయి.

ఆర్థిక మాంద్యంలో జనం ఏమనుకుంటున్నారు, వ్యాపారులు ఏమంటున్నారు అనే లెక్క మన ఇళ్లకు ఎందుకు ముఖ్యమో అర్థం కావాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. రొట్టెను వాయిదా వేయలేం, గ్రానైట్‌ను వేయొచ్చు. ఇల్లు, కారు, ఫర్నిచర్, వంటగది లాంటి పెద్ద ఖర్చులన్నీ చేతిలో ఉన్న డబ్బు కంటే రేపటి మీద ఉన్న నమ్మకంతో జరుగుతాయి. ఆ నమ్మకం సడలితే ముందు ఆగేవి అవే. వాటి మీద బతికే ఊళ్లకే ముందు దెబ్బ.

బ్రిటన్ జనం మనసును ఎలా కొలుస్తుంది?

దేశంలో మొత్తం ఉత్పత్తి వరసగా రెండు త్రైమాసికాలు, అంటే ఆరు నెలలు తగ్గితే బ్రిటన్‌లో దాన్ని మాంద్యం అంటారు. అయితే ఆ లెక్క తేలేసరికి ఆ నెలలు గడిచిపోయి ఉంటాయి. అందుకే అక్కడ జనాన్ని, వ్యాపారులను నేరుగా అడిగే పద్ధతి చాలా కాలంగా ఉంది.

జనం సంగతి చూస్తే, జీఎఫ్‌కే సంస్థ పేరుతో నెలనెలా వచ్చే వినియోగదారుల విశ్వాస సూచీ ఒకటుంది. 1974 నుంచి దీని లెక్కలు ఉన్నాయి. అడిగేది ఐదు ప్రశ్నలు. గత ఏడాదిలో మీ ఇంటి పరిస్థితి ఎలా మారింది? వచ్చే ఏడాది ఎలా ఉంటుంది? గత ఏడాదిలో దేశం పరిస్థితి ఎలా మారింది? వచ్చే ఏడాది ఎలా ఉంటుంది? పెద్ద వస్తువు కొనడానికి ఇది మంచి సమయమేనా? బాగుంటుందన్న వాళ్ల లెక్కలోంచి బాగుండదన్న వాళ్ల లెక్క తీసేస్తే వచ్చేదే సూచీ. సున్నా కంటే కిందికి పోయిందంటే నిరాశే ఎక్కువని అర్థం.

వ్యాపారులకు వేరే కొలతలు ఉన్నాయి. సీబీఐ అనే పారిశ్రామిక సమాఖ్య చాలా కాలంగా ఫ్యాక్టరీల వాళ్లను ఆర్డర్ల గురించి, ధరల గురించి అడుగుతోంది. కంపెనీల్లో కొనుగోళ్లు చూసే మేనేజర్లను అడిగి పీఎంఐ సూచీ కడతారు. అందులో 50 అనేది గీత. పైన ఉంటే వ్యాపారం పెరుగుతోందని, కింద ఉంటే తగ్గుతోందని లెక్క. ఇవి కాక, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన ఏజెంట్లను దేశమంతా ఉంచి, వ్యాపారులతో నేరుగా మాట్లాడించి నివేదికలు తెప్పించుకుంటుంది. వడ్డీ రేటు నిర్ణయించే ముందు ఆ మాటలూ పరిశీలిస్తారు. అంటే అక్కడ మన టీ కొట్టు కబురు కూడా ఒక పద్ధతి ప్రకారం పై దాకా చేరుతుందన్నమాట.

మన దేశంలోనూ రిజర్వ్ బ్యాంక్ ఇలాంటి సర్వే చేస్తుంది. అందులో 100 అనేది గీత. కరోనా రెండో విడత సమయంలో, 2021 మే సర్వేలో ఆ సూచీ 50 కంటే కిందికి పడిపోయింది. కానీ ఆ సర్వే పెద్ద నగరాల కుటుంబాలను అడిగేది. హైదరాబాద్ అందులో ఉంది, చీమకుర్తి లేదు. పల్లెలు, చిన్న పట్టణాల కుటుంబాల కోసం విడిగా సర్వే వచ్చింది గాని, ఒకే రాయి మీదో ఒకే పంట మీదో బతికే ఊరి పరిస్థితి రాష్ట్రం సగటులో కనపడదు. ఈ "సగటు" అనే మాటే ఇక్కడ అసలు విషయం.

రెండు మాంద్యాలు, రెండు రకాల బాధ

బ్రిటన్ లెక్కల్లో ఒక వింత ఉంది. 2008 ఆర్థిక సంక్షోభంలో ఆ దేశ ఉత్పత్తి 6 శాతం దాకా పడిపోయింది. పేరున్న వూల్‌వర్త్స్ దుకాణాలు 2009 జనవరి నాటికి అన్నీ మూతపడి, 27 వేల మంది దాకా ఉద్యోగాలు పోయాయి. నిరుద్యోగం పెరుగుతూ పోయి 2011లో 8 శాతం దాటింది. అంత జరిగినా, 2008 జూలైలో జనం విశ్వాస సూచీ మైనస్ 39.

ఇక 2022కి రండి. ఆ ఏడాది నిరుద్యోగం 4 శాతం లోపే. దాదాపు యాభై ఏళ్లలో అంత తక్కువ ఎప్పుడూ లేదు. ఆ తర్వాత 2023 రెండో సగంలో వచ్చిన మాంద్యం కూడా చిన్నదే. అప్పట్లో ప్రకటించిన లెక్క ప్రకారం ఒక త్రైమాసికంలో 0.1 శాతం, తర్వాతి దానిలో 0.3 శాతం తగ్గుదల. కానీ 2022 సెప్టెంబర్‌లో జనం విశ్వాస సూచీ మైనస్ 49కి పడింది. 1974 నుంచి అంత కిందికి ఎన్నడూ పోలేదు. లిజ్ ట్రస్ ప్రభుత్వం పెట్టిన మినీ బడ్జెట్ మార్కెట్లను కుదిపేసింది సెప్టెంబర్ 23న. జనం ఈ జవాబులు చెప్పింది అంతకు ముందే.

మరి పెద్ద దెబ్బ తగిలిన 2008లో కంటే, చిన్న దెబ్బ తగిలిన కాలంలో జనం ఎక్కువ నిరాశగా ఎందుకున్నారు?

జవాబు ధరల్లో ఉంది. 2022 అక్టోబర్‌లో బ్రిటన్‌లో ద్రవ్యోల్బణం 11.1 శాతం. గ్యాస్ బిల్లు, కరెంటు బిల్లు, పాలు, రొట్టె అన్నీ పెరిగాయి. 2021 డిసెంబర్ దాకా 0.1 శాతం ఉన్న బ్యాంక్ వడ్డీ రేటు 2023 ఆగస్టుకు 5.25 శాతం అయింది. ఇంటి అప్పు ఉన్నవాళ్ల వాయిదాలు పెరిగాయి. ధర పెరిగితే ప్రతి ఇంటికీ తగులుతుంది, కాబట్టి ప్రతి ఇల్లూ మాట్లాడుతుంది. ఉద్యోగం పోతే అలా కాదు. వందలో ఎనిమిది మందికి పని లేకపోతే ఆ ఎనిమిది మందికి జీవితమే తలకిందులవుతుంది. మిగతా తొంభై రెండు మంది భయపడతారు గాని జీతం మాత్రం వస్తూనే ఉంటుంది. సర్వేలో అందరి జవాబుకూ ఒకటే బరువు. కాబట్టి అందరికీ కాస్త కాస్త తగిలిన బాధ గట్టిగా వినిపిస్తుంది. కొద్దిమందికి పూర్తిగా తగిలిన బాధ సగటులో కరిగిపోతుంది.

ఈ విషయం అర్థమైతే మాంద్యం వార్తలు చదివే పద్ధతే మారుతుంది. జనాభిప్రాయం అబద్ధం కాదు. అది ఎంతమందికి నొప్పి ఉందో చెబుతుంది, ఒక్కొక్కరికి ఎంత లోతుగా తగిలిందో చెప్పదు.

చీమకుర్తిలో అదే లెక్క

చీమకుర్తి నుంచి ముడి బ్లాకులు ఎక్కువగా పోయేది చైనాకు. 2020 మొదట్లో కరోనాతో చైనా స్తంభించినప్పుడు, మన దగ్గర లాక్‌డౌన్ రాకముందే ఇక్కడి ఎగుమతులకు దెబ్బ తగిలింది. మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ వచ్చాక క్వారీలు, ఫ్యాక్టరీలు ఆగిపోయి, వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు ఊరు కాని ఊరిలో చిక్కుకుపోయారు. 2021లో చైనాలో ఎవర్‌గ్రాండ్ అనే భారీ ఇళ్ల నిర్మాణ కంపెనీ అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. అక్కడి ఇళ్ల మార్కెట్ కుంగింది. ఆ కంపెనీని మూసి ఆస్తులు అమ్మేయాలని 2024 జనవరిలో హాంకాంగ్ కోర్టు ఆదేశించింది. కొత్త ఇళ్లు కట్టకపోతే నేలకూ గోడకూ రాయి ఎవరికి కావాలి?

ఇలాంటప్పుడు రాష్ట్రం సగటు పెద్దగా కదలదు. విశాఖలో, విజయవాడలో దుకాణాలు మామూలుగానే నడుస్తుంటాయి. చీమకుర్తిలో మాత్రం కొన్ని వీధులకు వీధులే చప్పబడతాయి. ఊరిలోనూ అందరి మాటా ఒకటి కాదు. క్వారీ యజమాని "మార్కెట్ డల్‌గా ఉంది, ఆగుదాం" అంటాడు. రాయి కుళ్లిపోయేది కాదు గనక ఆగే స్తోమత ఆయనకు ఉంది. చిన్న కటింగ్ ఫ్యాక్టరీ వాడికి కరెంటు బిల్లు, మిషన్ మీద తీసుకున్న అప్పు ఆగవు. లారీ ఉన్నవాడికి ఫైనాన్స్ వాయిదా ఆగదు. రోజు కూలికి పనిచేసేవాడికి మాత్రం ఆగడం అంటే ఆ పూట ఖర్చే ఆగడం. ఒకే మందగమనం గురించి నలుగురు నాలుగు రకాలుగా మాట్లాడేది అందుకే. నలుగురూ నిజమే చెబుతారు.

కానీ ఆ నాలుగు మాటల్లో పై దాకా చేరేవి ఏవి? వ్యాపారులకు సంఘాలు ఉంటాయి, వినతిపత్రాలు ఉంటాయి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు గ్రానైట్ స్లాబుల మీద 28 శాతం పన్ను పడింది. పరిశ్రమ గట్టిగా అభ్యంతరం చెప్పింది. అదే ఏడాది నవంబర్‌లో చాలా వస్తువులతో పాటు స్లాబుల మీదా పన్ను 18 శాతానికి తగ్గింది. వ్యాపారుల అభిప్రాయానికి ఉన్న బలం అది. అందులో తప్పేం లేదు, పన్ను తగ్గితే పనీ నిలబడుతుంది. అయితే కూలి రోజులు వారంలో ఆరు నుంచి మూడుకు తగ్గితే దాని మీద వినతిపత్రం రాసేవాళ్లు తక్కువ. ఆ లెక్క ఏ సూచీలోనూ ఉండదు.

పక్కనే ఉన్న మిర్చి రైతుదీ ఇదే కథ. అంతకు ముందు సీజన్లలో క్వింటాలు 20 వేలు దాటిన మిర్చి, 2025 మొదట్లో గుంటూరు యార్డులో బాగా పడిపోయింది. కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ధరగా పెట్టాల్సి వచ్చింది. ధర పెరుగుతుందని కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా, ఇప్పుడే అమ్మాలా అని రైతు తేల్చుకునేది కూడా రేపటి మీద అభిప్రాయంతోనే. అందరూ ఒకే మాట నమ్మి ఒకే పని చేస్తే ఆ మాటే తలకిందులవుతుంది. అందరూ దాచుకుంటే, అంతా ఒకేసారి బయటికొస్తుంది.

మాటే సంఘటన అయినప్పుడు

కొన్నిసార్లు అభిప్రాయమే సంక్షోభం అవుతుంది. 2007 సెప్టెంబర్‌లో నార్తర్న్ రాక్ అనే బ్రిటిష్ బ్యాంకు అత్యవసర సాయం కోరిందని వార్త వచ్చింది. తెల్లారేసరికి బ్రాంచీల ముందు క్యూలు. జనం తెలివితక్కువగా భయపడ్డారని చాలామంది అన్నారు. నిజానికి అప్పటి నిబంధన ప్రకారం మొదటి 2 వేల పౌండ్లకే పూర్తి హామీ, తర్వాతి 33 వేల పౌండ్లకు 90 శాతమే. అంతకు మించి దాచుకున్నవాళ్లకు ఆ పైసొమ్ముకు హామీయే లేదు. వాళ్లు క్యూలో నిలబడటంలో వింతేముంది? ప్రభుత్వం డిపాజిట్లకు పూర్తి పూచీ ఇచ్చాకే క్యూలు తగ్గాయి. తర్వాత ఆ బ్యాంకును ప్రభుత్వమే తీసుకుంది.

హైదరాబాద్‌లోనూ ఇలాంటి రోజులు గుర్తున్న కుటుంబాలు ఉన్నాయి. 2001లో కృషి కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు కూలిపోయాక సహకార బ్యాంకుల మీద నమ్మకమే సడలింది. పాతబస్తీ కుటుంబాలు ఎన్నో డబ్బు దాచుకున్న చార్మినార్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు కూడా నిలబడలేకపోయింది. జనాన్ని "భయపడకండి" అంటే సరిపోదు. భయపడనక్కర్లేని హామీ ఉండాలి. మన దేశంలో 2020 ఫిబ్రవరి నుంచి ఒక బ్యాంకులో ఒక్కొక్కరి డిపాజిట్‌కు 5 లక్షల దాకా బీమా ఉంది. చేబదులు చీటీలకు, రిజిస్ట్రేషన్ లేని ఫైనాన్సులకు ఆ బీమా వర్తించదు.

బ్రిటన్‌లో ఇంకో సంగతి కూడా కనపడుతుంది. ఇబ్బంది కాలంలో అభిప్రాయం ఒక కారణం కోసం, ఒక మనిషి కోసం వెతుకుతుంది. ధరలు, ఇళ్ల అద్దెలు మండిపోతున్న ఆ సంవత్సరాల్లోనే వలసల మీద చర్చ వేడెక్కింది. 2024 జనవరి నుంచి అక్కడ చదువుకునే చాలామంది విదేశీ విద్యార్థులు కుటుంబాన్ని తీసుకెళ్లే వీలు పోయింది. భార్యనో భర్తనో పిలిపించుకోవాలంటే ఉండాల్సిన ఏడాది ఆదాయం ఏప్రిల్‌లో 18,600 పౌండ్ల నుంచి 29 వేలకు పెరిగింది. పిల్లలను మాస్టర్స్ చదువుకు పంపిన తెలుగు ముస్లిం కుటుంబాలకు ఇది దూరపు సంగతి కాదు. పొలమో, నగలో పెట్టి తెచ్చిన అప్పు ఆ దేశపు ఉద్యోగ మార్కెట్‌తో పాటు అక్కడి జనాభిప్రాయం మీద కూడా ఆధారపడి ఉంటుంది. చీమకుర్తిలోనూ పని తగ్గగానే "బయటి కూలీల వల్లే" అనే మాట పుట్టడానికి ఎంతోసేపు పట్టదు. కానీ చైనాలో ఇళ్లు కట్టడం ఆగితే అది పక్క రాష్ట్రం నుంచి వచ్చిన కూలి చేసిన పని కాదు కదా. వాడి పనీ అదే రోజు ఆగింది.

ఇంట్లో కూర్చుని ఎలా చదవాలి?

2008 నవంబర్‌లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు వెళ్లిన రెండో ఎలిజబెత్ రాణి, ఇంత పెద్ద సంక్షోభం వస్తుందని ఎవరూ ఎందుకు గమనించలేదని అక్కడి ఆర్థికవేత్తలను అడిగారు. అంత పెద్ద చోట అంతమంది పండితులకే అందని సంగతి కాబట్టి, రేపు ఏమవుతుందో ఖచ్చితంగా చెప్పే వీడియోలను, వాట్సాప్ మెసేజ్‌లను నమ్మి ఇంటి నిర్ణయాలు తీసుకోవడం మంచిది కాదు. అయినా కొన్ని ప్రశ్నలు ఎవరైనా వేసుకోవచ్చు.

మొదటిది, ఇది ధరల బాధా, పని బాధా? ధరలు పెరుగుతూ పని ఉంటే ఖర్చు సర్దుకోవాలి. పనే తగ్గుతుంటే కొత్త అప్పు జోలికి పోకుండా, ఉన్న వాయిదాలు ముందు తగ్గించుకోవాలి. రెండింటికీ ఒకే మందు పనిచేయదు.

రెండోది, ఈ మాట ఎవరిది? వ్యాపారి పేపర్‌కు చెప్పేది ఒకటి, ఆర్డర్ బుక్కులో ఉండేది ఇంకొకటి కావచ్చు. పన్ను తగ్గించమని అడిగే రోజు మాట కాస్త చీకటిగానే ఉంటుంది, సరుకు అమ్ముకునే రోజు కాస్త వెలుగుగానే ఉంటుంది. "మార్కెట్ ఎలా ఉంది" అని అడిగే బదులు "వచ్చే నెలకు ఎన్ని లోడ్లు ఉన్నాయి" అని అడిగితే జవాబు నిజానికి దగ్గరగా ఉంటుంది.

మూడోది, దేశం గురించా, మన ఇంటి గురించా? బ్రిటన్ సర్వేలో ఇంటి ప్రశ్నలు వేరు, దేశం ప్రశ్నలు వేరు. టీవీ చూసి చెప్పే జవాబు, సొంత జేబు చూసి చెప్పే జవాబు ఒకటి కావు కాబట్టే ఆ ఏర్పాటు. కూతురి నికాహ్ తేదీ పెట్టాలన్నా, కొడుకు చదువుకు అప్పు చేయాలన్నా జేబు చూసి చెప్పే జవాబే పనికొస్తుంది.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యమైనది. వీధిలో ఎవరు మాట్లాడటం మానేశారు? ధర పెరిగితే అందరూ అరుస్తారు, పని పోయినవాడు చాలాసార్లు మౌనంగా ఉండిపోతాడు. కిరాణా కొట్టులో ఖాతా పెరిగిన ఇల్లు, బడి ఫీజు కట్టలేక పిల్లను ఇంట్లో ఉంచిన ఇల్లు, జుమాకు వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయే మనిషి ఏ సర్వేలోనూ దొరకరు. జకాత్ పంచేవాళ్లు, మసీదు కమిటీలు రంజాన్ దాకా ఆగకుండా, లోడింగ్ ఆగిన నెలలోనే ఆ ఇళ్ల జాబితా రాసుకుంటే, ప్రభుత్వ సూచీలు చూపలేనిది ఆ కాగితం చూపిస్తుంది.